ఆర్‌వీ ట్రిప్: ఫ్లాగ్‌స్టాఫ్‌లో రెండు రాత్రులు ఆగడం దండగా? పనులు బోలెడు ఉన్నాయి, మా ఆయన ఒప్పుకోవట్లేదు

కారప్పొడి
జూన్ రెండో వారంలో అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఆర్‌వీ (వంటిల్లు, పడకలు, బాత్రూమ్ ఉన్న బండి) అద్దెకి తీసుకుని, మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్, గ్రాండ్ కాన్యన్ చూసుకుని మళ్ళీ ఫీనిక్స్‌లోనే బండి అప్పజెప్పాలని ప్లాన్. మేముండేది డాలస్. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు. బండి 28 అడుగుల క్లాస్ సీ (ట్రక్కు ముందుభాగానికి ఇల్లు తగిలించినట్టుండే రకం). తిరుగు దారిలో ఫ్లాగ్‌స్టాఫ్‌లో రెండు రాత్రులు ఆగుదామని నేనంటున్నా. "అదొక కాలేజీ ఊరు, అక్కడేముంది, పెట్రోలు కొట్టించుకుని పోదాం" అని మా ఆయన.

నా బాధ ఏంటంటే అప్పటికి ఆరుగురి మాసిన బట్టలు గుట్టలా పేరుకుంటాయి, ప్రొపేన్ గ్యాస్ అడుగంటుతుంది, మురికినీళ్ళ ట్యాంకులు ఖాళీ చెయ్యాలి, పాలూ పెరుగూ కూరగాయలూ కొనాలి, మావయ్యగారి బీపీ మాత్రలు చాలతాయో లేదో చూసుకోవాలి, ఇంటి నుంచి రావాల్సిన పార్సెల్ ఒకటుంది. పైగా మా పెద్దమ్మాయి వచ్చే ఏడు కాలేజీలకి అప్లై చేస్తుంది, ఆ యూనివర్సిటీ కూడా ఒకసారి కళ్ళారా చూసినట్టు ఉంటుంది. ఇంత పెద్ద బండి వేసుకుని ఆ ఊళ్ళో ఇవన్నీ ఎలా తెమల్చాలి? అసలు రెండు రాత్రులు ఆగేంత విషయం ఉందా? అక్కడ ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

సోఫా_సన్యాసి
సెలవు పెట్టుకుని, అంత అద్దె కట్టి, వేరే ఊరికెళ్ళి బట్టలుతుక్కోవడం. దీన్ని వెకేషన్ అంటారా? ఒక మినీవ్యాన్ తీసుకుని హోటల్లో దిగండి. మీవారి మాటే నా మాట.

కారప్పొడి
@సోఫా_సన్యాసి ఆర్‌వీ బుక్ అయిపోయిందండి, డబ్బులు వెనక్కి రావు. ఆ చర్చ వేరే పెట్టుకుందాం.

మైలురాయి
రెండు రాత్రులు ఆగండి, ఇంకో మాట లేదు. నేను ఫీనిక్స్ పక్కన టెంపీలో ఉంటాను, మా ఇంటి నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కి ఆర్‌వీ తోలడం నాకు అలవాటే.

పనుల రోజుని చిన్నచూపు చూసేవాళ్ళు ఆర్‌వీలో ఉండి ఎరగరు. ఒక్క రాత్రే ఆగితే ఏమవుతుందో వినండి. మధ్యాహ్నం మూడింటికి ఆర్‌వీ పార్కులో దిగుతారు, కరెంటు, నీళ్ళ హుకప్స్ తగిలించేసరికి నాలుగున్నర, లాండ్రీ గది దగ్గరికి పోతే క్యూ, చీకటి పడ్డాక వంట, పొద్దున్నే పదకొండు లోపు ఖాళీ చెయ్యాలి. ఊరూ చూసుండరు, పనులూ అయ్యుండవు. అదే రెండు రాత్రులైతే మధ్యలో ఒక పూర్తి రోజు బండి కదలకుండా ఉంటుంది. పెద్దవాళ్ళకి అదే పెద్ద విశ్రాంతి.

ఇక పనుల వరుస. బండి తీసుకెళ్ళక తప్పని పనులన్నీ ఊళ్ళోకి దిగిన రోజే, పార్కులో పెట్టకముందే ముగించండి. అద్దె క్లాస్ సీలో ప్రొపేన్ ట్యాంకు బండికే బిగించి ఉంటుంది, సిలిండర్‌లా ఊడదీసి చేత్తో పట్టుకెళ్ళేది కాదు. కాబట్టి బండినే బంకు దగ్గరికి తీసుకెళ్ళాలి. స్టవ్వు, ఫ్రిజ్, హీటర్ ఆపేసి అందర్నీ కిందికి దింపి నింపించాలి. ఎనభై శాతానికే ఆపేస్తారు, మోసం చేశాడనుకోకండి, గ్యాస్ వ్యాకోచించడానికి ఆ ఖాళీ వదలాలి. ఆ తర్వాత కిరాణా. పెద్ద స్టోరు పార్కింగ్‌లో దూరంగా ఓ మూల, బండి తోక గడ్డి వైపు వచ్చేలా పెట్టండి. డ్రైవ్ త్రూ జోలికి, పార్కింగ్ గ్యారేజీల జోలికి అస్సలు పోవద్దు, మీ బండి ఎత్తు పదకొండు అడుగుల పైమాటే. ట్యాంకుల సంగతి పార్కులోనే.

ఇక అక్కడి నుంచి బండి ముట్టుకోవద్దు. మర్నాడు బస్సో క్యాబో.

విశాఖ_తీరం
తోక గడ్డి వైపు అంటే?

మైలురాయి
@విశాఖ_తీరం క్లాస్ సీలో వెనక చక్రాలు దాటాక కూడా చాలా బండి ఉంటుంది. కుడికి తిప్పితే ఆ వెనక భాగం ఎడమ పక్కకి ఊడుస్తుంది. పక్కన కారుంటే దాని అద్దమో తలుపో మన ఖాతాలో పడుతుంది. గడ్డి వైపు పెడితే తీసేటప్పుడు ఆ బాధ లేదు.

లంబర్‌జాక్_తమ్ముడు
నేను ఇక్కడే నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నా అక్కా. "అక్కడేముంది" అన్నందుకు అన్నయ్య మీద కాస్త కోపం వచ్చింది కానీ పర్లేదు 😀

ముందు ఊరి స్వరూపం చెప్తా. సముద్ర మట్టానికి దాదాపు 6,900 అడుగులు. ఫీనిక్స్‌లో 42 డిగ్రీలు మండుతుంటే ఇక్కడ పగలు 26, 27 ఉంటుంది, రాత్రి ఐదారుకి దిగుతుంది. జూన్‌లో కూడా స్వెటర్ కావాలి, తాతయ్యగారికి మంకీ క్యాప్ ఉంటే తెచ్చుకోమనండి, ఎవరూ నవ్వరు. చుట్టూ పాండరోసా పైన్ అడవి. ఫీనిక్స్ నుంచి వచ్చే ఐ-17 హైవే ఊళ్ళోకి రాగానే మిల్టన్ రోడ్ అవుతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆ రోడ్డు మీద ఆర్‌వీతో ఇరుక్కోవద్దు. స్టోర్లు చాలా అటే ఉంటాయి కాబట్టి పొద్దున్నే తెమల్చుకోండి. మీరు కాన్యన్ నుంచి వస్తారు కాబట్టి ఐ-40 వైపు నుంచి దిగొచ్చు.

క్యాంపస్‌కి ఆర్‌వీ తేవద్దు. సెమిస్టర్ రోజుల్లో కార్లకే చోటు దొరకదు, వేసవిలో ఖాళీగా ఉన్నా 28 అడుగులది పెట్టేలా గీతలు గియ్యలేదు. డౌన్‌టౌన్ నుంచి 10వ నంబరు బస్సు క్యాంపస్ మధ్య నుంచే పోతుంది. లాండ్రీ పట్టణంలో చేసుకునేట్టయితే ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున్నే. ఆదివారం మా స్టూడెంట్సే ఉంటారు.

వరంగల్_బిడ్డ
తమ్ముడూ, అక్కడ మన తెలుగోళ్ళు ఉన్నారా? ఫీనిక్స్, టెంపీ అంటే తెలుసు, గల్లీకొకరు ఉంటరు. ఫ్లాగ్‌స్టాఫ్‌ల ఎంఎస్ చేసేటోళ్ళు ఉన్నరని ఇప్పుడే వింటున్న.

లంబర్‌జాక్_తమ్ముడు
@వరంగల్_బిడ్డ ఉన్నాం అన్నా, కానీ టెంపీలా కాదు. ఉగాదికి పచ్చడి చేస్తే ఒకే గిన్నె సరిపోతుంది. కందిపప్పు, చింతపండు, సోనా మసూరి లాంటివి ఎవరు ఫీనిక్స్ వెళ్తే వాళ్ళకి లిస్టు ఇస్తాం.

ఎడారి_కోడలు
అదే చెప్పబోతున్నా. చాండ్లర్, టెంపీలో ఇండియన్ షాపులు బోలెడు. మన సరుకులన్నీ బండి తీసుకున్న రోజే ఇక్కడ కొనేసి పైకెక్కండి. ఆ తర్వాత ఫ్లాగ్‌స్టాఫ్‌లో పాలు, పెరుగు, కూరగాయలు, బ్రెడ్ చాలు. కరివేపాకు కూడా ఇక్కడే తీసుకోండి.

ఇంకోటి, ఐ-17 మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక ఎత్తు మొదలవుతుంది. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని బోర్డులు కూడా కనిపిస్తాయి. జూన్‌లో మధ్యాహ్నం పూట ఆ ఎత్తు ఏసీ లేకుండా ఎక్కడం పెద్దవాళ్ళకి నరకం. తెల్లారకముందే బయల్దేరండి. శుక్రవారం సాయంత్రం ఫీనిక్స్ జనమంతా పైకి పోతారు, ఆదివారం మధ్యాహ్నం అందరూ కిందికి. ఆ రెండూ తప్పించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

పప్పుచారు
డెన్వర్ నుంచి రాస్తున్నా, ఎత్తు మీద వంట సంగతి ఎవరూ చెప్పలేదే! ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. చూడ్డానికి కుతకుతలాడుతుంటాయి, లోపల కందిపప్పు మాత్రం గులకరాళ్ళే. మామూలు గిన్నెలో పప్పు ఉడకబెడదామనుకుంటే గ్యాస్ అయిపోతుంది కానీ పప్పు ఉడకదు. కుక్కర్ తప్పనిసరి. కుక్కర్‌లో కూడా మామూలు కంటే పావు వంతు ఎక్కువ టైము పెట్టండి, ఇంట్లో నాలుగు విజిల్స్ అయితే అక్కడ ఐదు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ కూడా ఏడు వేల అడుగుల దాకా ఉంటుంది, అక్కడా ఇదే లెక్క. కందిపప్పు మానేసి పెసరపప్పు పట్టుకెళ్తే ఇంకా సుఖం.

ఇంకో తమాషా. ఫీనిక్స్‌లో కొన్న ప్యాకెట్లన్నీ పైకెక్కేసరికి బుడగల్లా ఉబ్బుతాయి. మా చెల్లెలు ఉబ్బిన కారం ప్యాకెట్‌ని కత్తెరతో మొహం ముందు పెట్టుకుని కోసింది. ఆ తర్వాత అరగంట సేపు బండిలో ఎవరూ కళ్ళు తెరవలేదు. ఆవకాయ సీసా మూత కింద కూడా నూనె పైకి ఉబికి ఉంటుంది, గుడ్డ చుట్టి సింకులో పెట్టి మెల్లగా తిప్పాలి.

కారప్పొడి
@పప్పుచారు నా పేరు చూసి ఈ కథ అల్లారా? 😂 చిప్స్ ప్యాకెట్ల సంగతి తెలుసు కానీ కారం సంగతి ఆలోచించలేదు. డబ్బాల్లో పోసుకుంటాను.

@లంబర్‌జాక్_తమ్ముడు థాంక్స్ తమ్ముడూ. బీపీ ఉన్నవాళ్ళకి ఆ ఎత్తు ఇబ్బందా?

లంబర్‌జాక్_తమ్ముడు
నేను ఇంజనీరింగ్ అక్కా, డాక్టర్‌ని కాదు 😀 మొదటిరోజు మెట్లెక్కితే నాకే ఆయాసం వచ్చింది. మా నాన్నగారు వచ్చినప్పుడు మొదటి పూట ఎక్కువ నడిపించలేదు, నీళ్ళు బాగా తాగించాం.

మైలురాయి
బయల్దేరేముందు వాళ్ళ డాక్టర్‌తో ఒక మాట మాట్లాడించండి. మాత్రలు మాత్రం ఇండియా నుంచి తెచ్చినవే లెక్కపెట్టుకుని, మిగిలేలా పెట్టుకోండి. ఇండియా డాక్టర్ రాసిన చీటీకి ఇక్కడ మందుల షాపులో ఇవ్వరు. అయిపోతే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళ్ళి ఇక్కడి డాక్టర్‌తో రాయించుకోవాలి, అదొక పూట, దానికో బిల్లు. విజిటర్స్ ఇన్సూరెన్స్‌లో పాత బీపీ లాంటివి చాలా వరకు కవర్ కావు. ఫ్లాగ్‌స్టాఫ్ పనుల లిస్టులోంచి ఈ పని కొట్టేసి డాలస్‌లోనే పూర్తిచెయ్యండి.

పార్సెల్ సంగతి. ఆర్‌వీ పార్కులు కొన్ని తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు, ముందే ఫోన్ చెయ్యండి. లేదంటే పోస్టాఫీసుకి జనరల్ డెలివరీ పెట్టించవచ్చు. మీ పేరు, జనరల్ డెలివరీ, ఊరు, జిప్ కోడ్ రాస్తే చాలు, ఫోటో ఐడీ చూపించి తీసుకోవడమే. ఊళ్ళో ఒకటికి మించి పోస్టాఫీసులుంటే ఏది జనరల్ డెలివరీ తీసుకుంటుందో కనుక్కోండి. పోస్టులో కాకుండా ప్రైవేటు కొరియర్లో వచ్చేదైతే ఈ దారి పనికిరాదు.

కారప్పొడి_బాధితుడు
ఈ పోస్టు లింకు మా ఆవిడ ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది కాబట్టి నా వాదన కూడా వినండి. బండి అద్దె రోజుకింత, మైలుకింత. ఆ రెండో రోజు పెట్టుకుని పేజ్‌లో ఇంకో రోజు ఉంటే లేక్ పావెల్ మీద బోటు ఎక్కొచ్చు. పదిహేడేళ్ళ పిల్లకి కాలేజీ వెబ్‌సైట్ చాలు. బట్టలు డ్రైయర్‌లో తిరుగుతుంటే చూస్తూ కూర్చోడానికి అరిజోనా దాకా పోవాలా? @సోఫా_సన్యాసి గారూ, మీరొక్కరే నా వైపు.

సోఫా_సన్యాసి
గట్టిగా నిలబడండి బ్రదర్.

పప్పుచారు
బండి నడిపేది మీరే కదా @కారప్పొడి_బాధితుడు గారూ. మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్, కాన్యన్ వరసగా తోలి, మురికినీళ్ళ ట్యాంకుల డంపింగ్ కూడా మీరే చేసి, ఆ మర్నాడే ఫీనిక్స్ దిగుతానంటే మీ ఇష్టం. రెండో రాత్రి ఎవరి కోసమో ఆలోచించుకోండి.

చుక్కల_రాయుడు
ఇంతసేపు లాండ్రీ, గ్యాస్, కందిపప్పు. ఒక్కరూ లోవెల్ అబ్జర్వేటరీ ఊసెత్తలేదు, ఇదేం చర్చండీ!

ప్లూటోని కనిపెట్టింది ఈ ఊళ్ళోనే. 1930 ఫిబ్రవరి 18న. క్లైడ్ టాంబా అనే కాన్సస్ రైతుబిడ్డ, అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, కాలేజీ మొహం కూడా చూడలేదు. ఒకే ఆకాశపు ముక్కని వేర్వేరు రాత్రుల్లో తీసిన ఫోటో ప్లేట్లని పక్కపక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూస్తూ, వేల చుక్కల మధ్య జరిగిన ఒక్క చుక్కని పట్టుకున్నాడు. ఆ పని చేసిన టెలిస్కోపు ఇప్పటికీ అక్కడే ఉంది, చూడొచ్చు. 1896లో పెట్టిన క్లార్క్ టెలిస్కోపు కూడా ఉంది. గెలాక్సీలు ఎంత వేగంతో కదులుతున్నాయో 1912లో వెస్టో స్లైఫర్ మొదట కొలిచింది దాంతోనే. విశ్వం వ్యాకోచిస్తోందన్న ఆలోచనకి అక్కడే పునాది పడింది. 2024లో కొత్తగా పెద్ద ఆస్ట్రానమీ డిస్కవరీ సెంటర్ కూడా తెరిచారు. సాయంత్రం టికెట్లు తీసుకుంటే చీకటి పడ్డాక టెలిస్కోపుల్లో చూపిస్తారు.

ఊరు కూడా అలాంటిదే. ఆకాశంలోకి సెర్చ్‌లైట్లు వెయ్యకూడదని 1958లోనే చట్టం పెట్టుకున్నారు. 2001లో ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ డార్క్ స్కై సిటీ (రాత్రి ఆకాశాన్ని చీకటిగా కాపాడుకునే ఊరు) అయింది. అంత జనం ఉన్న ఊరి మధ్య నుంచి పాలపుంత కనిపిస్తుందంటే డాలస్‌లో ఉన్నవాళ్ళు నమ్మరు. ఒక్క రాత్రే ఆగి ఆ రాత్రి మబ్బు పట్టిందనుకోండి, పోయినట్టే. రెండు రాత్రులకి ఇదొక్కటి చాలు కారణం. జూన్‌లో వానలు పెద్దగా ఉండవు, జులై నుంచే అక్కడి వర్షాకాలం, కాబట్టి మీరెళ్ళే టైము బాగుంది. ఎటొచ్చీ పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి.

విశాఖ_తీరం
ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారు కదా సార్.

చుక్కల_రాయుడు
@విశాఖ_తీరం 2006లో తీసేశారు. అరిజోనా వాళ్ళు ఊరుకున్నారా? 2024లో ప్లూటోని తమ అధికారిక రాష్ట్ర గ్రహంగా చట్టం చేసుకున్నారు.

వరంగల్_బిడ్డ
మన నవగ్రహాల్ల ప్లూటో ఎప్పుడూ లేదు, మనకు ఏ నష్టం లేదు 😄

కారప్పొడి
మావయ్యగారు రిటైర్డ్ ఫిజిక్స్ మాష్టారు. ఇది చదివి వినిపించగానే "ఆ క్లార్క్ టెలిస్కోపు ఏ పూట చూపిస్తారో కనుక్కో అమ్మా" అన్నారు. ఇప్పుడు ఓట్లు నాలుగు రెండు.

కారప్పొడి_బాధితుడు
నాన్నని లాగడం అన్యాయం.

మైలురాయి
అబ్జర్వేటరీ మార్స్ హిల్ అనే కొండ మీద ఉంటుంది, డౌన్‌టౌన్‌కి పడమర మైలు దూరం. మెలికల రోడ్డు. చీకట్లో ఆర్‌వీతో ఎక్కి దిగడం కంటే క్యాబ్ మంచిది. ఆరుగురు కాబట్టి పెద్ద క్యాబ్ అడగండి. తిరుగు క్యాబ్ కూడా ఏ టైముకో ముందే అనుకోండి, రాత్రి పొద్దుపోయాక బళ్ళు తక్కువ.

ఇంకో జాగ్రత్త. మీరు మాన్యుమెంట్ వ్యాలీ నుంచి వస్తారు కదా. అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, మాన్యుమెంట్ వ్యాలీ ఉన్న నవహో నేషన్‌లో (నవహో ఆదివాసీల సొంత ప్రాంతం) మారుస్తారు. అంటే జూన్‌లో మాన్యుమెంట్ వ్యాలీ ఫ్లాగ్‌స్టాఫ్ కంటే గంట ముందుంటుంది. పేజ్ మాత్రం అరిజోనా టైమే. ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. దారిలో టూర్లు బుక్ చేసుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. మా బావమరిది వాళ్ళు ఫోను నమ్ముకుని యాంటిలోప్ కాన్యన్ టూరు పోగొట్టుకున్నారు. చేతికి మామూలు వాచీ పెట్టుకుని అరిజోనా టైము పెట్టేయండి.

ఎడారి_కోడలు
రైళ్ళ సంగతి కూడా చెప్పండి ఎవరన్నా. మేము ఊరి తూర్పు వైపు రూట్ 66 పక్కన ఒక ఆర్‌వీ పార్కులో దిగాం. రాత్రంతా గూడ్సు బళ్ళే. పిల్లలు పడుకున్నారు, నేను పైకప్పు చూస్తూ పడుకున్నా. పార్కు పేరు చెప్పను, వాళ్ళ తప్పేం లేదు, పట్టాలు వాళ్ళకంటే ముందే ఉన్నాయి.

లంబర్‌జాక్_తమ్ముడు
నిజమే అక్కా, చికాగో లాస్ ఏంజెలిస్ మెయిన్ లైన్ ఊరి నడిబొడ్డు నుంచే పోతుంది. బుక్ చేసేముందు మ్యాపులో పట్టాలకి ఎంత దూరమో చూసుకోండి. దక్షిణం వైపు, అడవి వైపు ఉన్నవాటిలో చప్పుడు తక్కువ.

కానీ రైలంటే ఇష్టమున్నవాళ్ళకి పండగే. డౌన్‌టౌన్‌లో 1926 నాటి స్టేషన్ ఉంది, ఆమ్‌ట్రాక్ ప్యాసింజర్ రైలు ఇప్పటికీ అక్కడే ఆగుతుంది, అందులోనే విజిటర్ సెంటర్. అక్కడ బెంచీ మీద కూర్చుంటే వంద డబ్బాల గూడ్సు ఒకటి పోతూనే ఉంటుంది. మా నాన్న డబ్బాలు లెక్కపెడుతూ టీ చల్లార్చుకున్నారు. అక్కడి నుంచి రోడ్డు దాటితే పాత ఇటుక భవనాలు, కాఫీ షాపులు, హెరిటేజ్ స్క్వేర్. డౌన్‌టౌన్‌లో కార్లకి పార్కింగ్ డబ్బు కట్టాలి, మీకు బండి లేదు కాబట్టి ఆ గొడవ లేదు.

గోంగూర_ఫ్రమ్_గోదావరి
అడవిలో ఫ్రీగా పెట్టుకోవచ్చు కదా? కోకొనినో నేషనల్ ఫారెస్ట్‌లో డబ్బు కట్టకుండా ఉండొచ్చని విన్నాను. ఎందుకు ఆర్‌వీ పార్కుకి పోసేది?

మైలురాయి
@గోంగూర_ఫ్రమ్_గోదావరి ఉండొచ్చు, పద్నాలుగు రోజుల దాకా. కానీ ఈవిడ అడిగేది పనుల రోజు గురించి. అడవిలో నీళ్ళు ఉండవు, కరెంటు ఉండదు, డంప్ ఉండదు, బస్సు రాదు. మట్టిరోడ్డు మీదికి తీసుకెళ్తే ఇన్సూరెన్స్ వర్తించదని అద్దె కాయితాల్లో చాలామంది రాస్తారు, అది చదువుకోండి. పైగా జూన్ అంటే అక్కడ అడవి మంటల కాలం, చాలాసార్లు నిప్పు వెలిగించడం మీద ఆంక్షలు ఉంటాయి. బొగ్గుల మీద వంకాయ కాల్చుకుందామని ప్లానుంటే మానుకోండి.

అలాగే స్టోరు పార్కింగ్‌లో రాత్రి పడుకోవచ్చని కొందరు అంటారు. ప్రతి ఊళ్ళో, ప్రతి స్టోర్లో ఒకేలా ఉండదు. పెద్దవాళ్ళని పెట్టుకుని రాత్రి పన్నెండింటికి ఎవరో వచ్చి తలుపు కొట్టించుకునే సరదా మీకెందుకు.

పప్పుచారు
కరెంటు మాట వచ్చింది కాబట్టి, 30 ఆంప్ కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఇండక్షన్ మూడూ ఒకేసారి వేస్తే ఠప్పుమని బ్రేకర్ పడిపోతుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఏసీ అక్కర్లేదు కాబట్టి బతికిపోతారు. అత్తగారు ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ మాత్రం పెట్టుకోవద్దు, అది 230 వోల్టులది, ఇక్కడ 120, మూలుగుతుంది తప్ప చట్నీ అవదు.

గ్రే ట్యాంకులోకి (సింకు, స్నానం నీళ్ళు పోయేది) అన్నం మెతుకులు, నూనె పోనివ్వకండి. గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి ఆ తర్వాత కడగాలి. అత్తగార్లకి ఈ మాట చెప్పడం కోడళ్ళకి కష్టమే, కొడుకుతో చెప్పించండి.

కారప్పొడి_బాధితుడు
అన్నీ కొడుకే చెయ్యాలి. డంపింగ్ కొడుకే, గిన్నెల ఉపన్యాసం కొడుకే.

మైలురాయి
డంపింగ్‌లో వరుస మర్చిపోవద్దు సార్: ముందు బ్లాక్ (టాయిలెట్ ట్యాంకు), తర్వాత గ్రే. సబ్బు నీళ్ళు వెనక నుంచి వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. గ్లవ్స్ ఉండాలి. మంచినీళ్ళ గొట్టాన్ని ఆ చోట్లకి తీసుకురావద్దు, విడిగా డిక్కీలో పెట్టుకోండి. పార్కులో ఉన్నన్ని రోజులూ బ్లాక్ వాల్వ్ తెరిచి ఉంచకండి, నిండాక ఒకేసారి వదిలితేనే శుభ్రంగా పోతుంది.

విశాఖ_తీరం
అన్నం తింటూ చదువుతున్నా. థాంక్స్.

లంబర్‌జాక్_తమ్ముడు
కాలేజీ సంగతి మిగిలిపోయింది. అక్కా, చెల్లెమ్మకి వెబ్‌సైట్ చాలదు అన్నయ్యా, సారీ. ఆఫీసువాళ్ళు నడిపించే క్యాంపస్ టూరు ఉంటుంది, ముందే పేరు నమోదు చేసుకోవాలి. నిజంగా చూడాలంటే మాత్రం మామూలుగా నడవండి. ఉత్తరం వైపు ఎర్రరాతి కట్టడం ఓల్డ్ మెయిన్. 1894లో కట్టడం మొదలుపెట్టినప్పుడు అది కాలేజీ కోసం కాదు, దారితప్పిన పిల్లల్ని దిద్దే బడి కోసం. తర్వాత పిచ్చాసుపత్రి చేద్దామనుకున్నారు. చివరికి 1899లో 23 మంది విద్యార్థులతో టీచర్ల ట్రైనింగ్ కాలేజీ అయింది. పరీక్షల ముందు మేమంతా ఆ మూడూ ఒకటే అనుకుంటాం.

దక్షిణం వైపు స్కైడోమ్ ఉంది, 502 అడుగుల వ్యాసం, చెక్కతో కట్టిన కప్పు, 1977లో తెరిచారు. లోపల ఫుట్‌బాల్ ఆడతారు, చలికాలం బయట మంచు కురుస్తుంటే లోపల ఆట. ఉత్తరం నుంచి దక్షిణానికి మైలుకి పైనే నడక, తాతయ్యగారు వాళ్ళు క్లైన్ లైబ్రరీ దగ్గర కూర్చోవచ్చు, నీడా బెంచీలూ ఉన్నాయి. జూన్‌లో కాబట్టి పిల్లలు తక్కువ, భోజనశాలలు కొన్నే తెరిచి ఉంటాయి, టిఫిన్ చేసుకుని రండి.

ఒక విధంగా మీ టైమింగ్ బాగుంది. ఆగస్టు చివర్లో పిల్లలు హాస్టళ్ళలో దిగే వారం గానీ, మే నెల గ్రాడ్యుయేషన్ వారం గానీ అయ్యుంటే ఊళ్ళో గది దొరకదు, మిల్టన్ రోడ్ మీద అడుగు పడదు.

వరంగల్_బిడ్డ
సోఫా సన్యాసి అన్న ఎటు పోయిండు?

సోఫా_సన్యాసి
ఇక్కడే ఉన్నా. ఆ టెలిస్కోపు పక్కన మంచి హోటల్ ఉందా అని చూస్తున్నా.

చుక్కల_రాయుడు
😂 @సోఫా_సన్యాసి డౌన్‌టౌన్‌లో 1927 నాటి హోటల్ మాంటే విస్టా ఉంది. దయ్యాలు ఉన్నాయని చెప్పుకుంటారు, మీకు కాలక్షేపం.

మిగిలిన పూటకి, ఓపికుంటే ఐ-40 మీద తూర్పుకి నలభై మైళ్ళు పోతే మీటియర్ క్రేటర్. యాభై వేల ఏళ్ళ కిందట ఉల్క పడిన గుంట, అడ్డంగా కిలోమీటరు పైనే. చంద్రుడి మీదికి వెళ్ళే వ్యోమగాములు ఇక్కడ శిక్షణ పొందారు. 1967లో ఫ్లాగ్‌స్టాఫ్ పక్కన సిండర్ లేక్ దగ్గర పేలుడు పదార్థాలతో నకిలీ చంద్రుడి గుంటలు కూడా తవ్వారు. ఫిజిక్స్ మాష్టారికి ఇది చెప్పండి, మూడో రాత్రి కూడా అడుగుతారు.

కారప్పొడి_బాధితుడు
దయచేసి ఎవరూ చెప్పొద్దు.

కారప్పొడి
సరే, తేలిపోయింది. రెండు రాత్రులు. కాన్యన్ నుంచి పొద్దున్నే దిగి ప్రొపేన్, కిరాణా ముగించుకుని పట్టాలకి దూరంగా ఉన్న పార్కులో బండి కట్టేస్తాం. మర్నాడు పొద్దున లాండ్రీ మావారి డిపార్ట్‌మెంట్, అదే టైములో నేనూ పిల్లలూ క్యాంపస్, సాయంత్రం అందరం క్యాబ్‌లో అబ్జర్వేటరీ. మాత్రలు ఇవాళే లెక్కపెట్టా, చాలా మిగులుతాయి. పార్సెల్ కోసం రెండు పార్కులకి ఫోన్ చేశా, ఒకళ్ళు తీసుకుంటామన్నారు, అదే బుక్ చేశా. పేజ్‌లో బోటు కూడా ఉంది, కాన్యన్‌లో ఒక రాత్రి తగ్గించాం.

మైలురాయి
కాన్యన్‌లో తగ్గించారా! మేదర్ క్యాంప్‌గ్రౌండా, ట్రైలర్ విలేజా? మేదర్ అయితే కరెంటు, నీళ్ళు కనెక్షన్ ఉండవు, ఒక రాత్రే నయం.

కారప్పొడి
మేదర్ అండి. అందుకే.

వరంగల్_బిడ్డ
నేను డిసెంబర్‌ల ఇదే రూటు ఆర్‌వీల వేద్దామనుకుంటున్న. ఫ్లాగ్‌స్టాఫ్‌ల మంచు పడుతదా?

లంబర్‌జాక్_తమ్ముడు
అన్నా, ఇక్కడ సగటు చలికాలంలో వంద అంగుళాల దాకా పడుతుంది. ఆర్‌వీ పైపులు రాత్రికే గడ్డకడతాయి. అద్దెవాళ్ళు కూడా నీళ్ళు తీసేసి ఇస్తారు, అంటే సింకూ బాత్రూమూ లేని ఆర్‌వీ. కారులో రండి, పప్పు నేను వండి పెడతా, ఐదు విజిల్స్.